దుప్పటి అంచున నాలుగు వేళ్ళు

హాజిరాబీ మనవరాలి పెళ్ళి రోజు పొద్దున్నే అల్మరా తెరిచిన అష్రఫున్నీసాకు తన కెమెరా కనబడలేదు. అది ఉండాల్సిన అరలో కొత్త తోలు కేసు ఒకటి దర్జాగా కూర్చుని ఉంది. బొత్తాం ఊడదీసి చూసింది. పైన ఒక కన్ను, కింద ఒక కన్ను, డబ్బా ఆకారం అంతా అదే. తెలియని వాళ్ళకు రెండూ ఒకటే. ఆమెకు మాత్రం ఎవరి పిల్లనో తెచ్చి తన ఉయ్యాల్లో పడుకోబెట్టినట్టు అనిపించింది. తనది రోలీఫ్లెక్స్, జర్మనీది, తండ్రి ఇచ్చింది. ఇది యాషికా, జపానుది.

"నా కెమెరా ఏది జీ?" అని అరిచింది.

వరండాలో అద్దం ముందు మీసాలు దువ్వుకుంటున్న చాంద్‌పాషా వెనక్కి కూడా తిరగలేదు. "ఇగ గదే నీ కెమెరా. నిన్న నువ్వు హాజిరాబీ ఇంటికి పోయినప్పుడు నాగేశ్వర్ సాబ్ వచ్చిండు. పాతది ఇచ్చిన, కొత్తది తీసుకున్న. పైకెల్లి ఫ్లాష్ గూడ ఊకెనే ఇచ్చిండు."

అష్రఫున్నీసాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మొగుడు ఇంట్లో పాత చెప్పులు మార్చినంత తేలిగ్గా చెబుతున్నాడు!

తాండూరు స్టేషన్ రోడ్డులో చాంద్‌పాషాకు ఫోటో స్టూడియో ఉంది. బోర్డు మీద ఆయన పేరు. ప్రతి ఫోటో వెనకా ఆయన పేరుతోనే ముద్ర. కానీ పర్దా పాటించే ఇళ్ళలో పెళ్ళిళ్ళకు, పిల్లలకు చదువు మొదలుపెట్టే బిస్మిల్లాలకు లోపలికి వెళ్ళి ఆడవాళ్ళ ఫోటోలు తీసేది అష్రఫున్నీసా. కడిగేది ఆమె, ముద్రించేది ఆమె. వెనక ముద్ర కొట్టే పని ఒక్కటే ఆయనగారిది. ఆ పని మాత్రం ఎంత శ్రద్ధగా చేసేవాడో చెప్పలేం.

ఆమెకు ఈ విద్య తండ్రి అజమత్ దగ్గర అబ్బింది. వికారాబాదులో ఆయన ఫోటోలు తీసేవాడు. కొడుకులకు ఆ పని మీద ధ్యాస లేకపోతే కూతురికి నేర్పాడు. ఆమె పెళ్ళినాడు నలుగురి ముందూ రోలీఫ్లెక్సును తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "గిది నా బిడ్డకు ఇస్తున్న, అల్లునికి కాదు" అన్నాడు. ఆ మాటకు అందరూ నవ్వారు. చాంద్‌పాషా కూడా నవ్వాడు. కానీ ఆ నవ్వు ఆయన గొంతులో ముల్లులా ఇరుక్కుని అన్నేళ్ళూ అలాగే ఉండిపోయింది.

ఆ కెమెరా తీరే వేరు. మెడకు తగిలించుకుని, బొడ్డు దగ్గర పట్టుకుని, తల వంచి పైనున్న గాజుపలకలోకి చూస్తూ తీయాలి. పై కన్ను చూసేందుకు, కింది కన్ను తీసేందుకు. పర్దా ఆడవాళ్ళకు అది నచ్చింది. తుపాకీలాగా మొహానికి గురిపెట్టదు, సలాం చేస్తున్నట్టు తల వంచుకుని ఉంటుంది అనేవాళ్ళు. 'ఫోటోల అష్రఫ్' అంటే అటు దౌల్తాబాద్ దాకా తెలుసు. చాంద్‌పాషాను పట్టుకుని "నువ్వు ఫోటోల అష్రఫ్ ఇంటాయనవా?" అని అడిగిన వాళ్ళూ ఉన్నారు. ఆయన కడుపుమంటంతా అక్కడే ఉంది.

వికారాబాదులో స్టూడియో పెట్టిన నాగేశ్వర్ ఈ సంగతి కనిపెట్టాడు. అసాధ్యుడు. వారం కిందట యాషికా పట్టుకుని తాండూరొచ్చి, "రెండు కెమెరాలు పోల్చి చూద్దాం, ఏది మంచిదో నీ కండ్లతోని నువ్వే చూడు పాషా భాయ్" అన్నాడు. పప్పు మిల్లు విశ్వేశ్వర్ సేటును దుకాణం ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక ఫోటో రోలీతో, ఒకటి యాషికాతో తీశారు. రెండు రీళ్ళూ నాగేశ్వరే పట్టుకుపోయి, తన స్టూడియోలోనే కడిగి, ముద్రించి తెచ్చాడు. రోలీ ఫోటోలో విశ్వేశ్వర్ సేటు జ్వరం పడి లేచినట్టు మసకగా ఉన్నాడు. యాషికా ఫోటోలో మిలమిలా మెరిసిపోతున్నాడు.

"చూస్తివా? నీది ముసలిదైపోయింది భాయ్. అద్దం మీద గీతలు పడ్డయి. రేపు ఖరాబైతే సామాను దొరకదు. గిది చూడు, తళతళలాడుతున్నది. తాండూర్ల ఇంకెవ్వరి దగ్గర లేదు" అని ఊదరగొట్టాడు.

పరదా వెనక నుంచి ఇదంతా విన్న అష్రఫున్నీసా, నాగేశ్వర్ పోయాక మొగుడిని నిలదీసింది. "రెండిట్లను కడిగింది వాడు, కాయితం మీదికి తెచ్చింది వాడు. ఒకదాన్ని మంచిగ తెచ్చి, ఒకదాన్ని పాడు చేస్తే నీకెట్ల తెలుస్తది? గా ఫిల్ములు తెప్పియ్యి. రెండు ఫోటోలు నేనే కాయితం మీదికి తెస్త. అప్పుడు చూద్దాం."

"సరే తీ, తెప్పిస్త" అన్నాడు చాంద్‌పాషా.

తెప్పించింది ఇదీ! ఫిల్ములు కాదు, ఏకంగా యాషికానే తెప్పించాడు. తనను అడిగింది లేదు, చెప్పింది లేదు. అదీ ఏ రోజు? హాజిరాబీ ఫోటో తీయాల్సిన రోజు.

హాజిరాబీ అంటే పాత తాండూరులో అందరికీ హడల్. ఎనభై ఏళ్ళ ముసలమ్మ. ఆ వయసుదాకా ఒక్క ఫోటో దిగలేదు. తన మొహం కాగితం ఎక్కి పరాయి మగవాళ్ళ చేతుల్లో తిరగడం ఆమెకు ఇష్టం లేదు. కానీ మనవరాలు ఇస్మత్ పెళ్ళి కుదిరింది. ఆ పిల్లను తల్లి పోయినప్పటి నుంచీ పెంచింది ముసలమ్మే. "నానీమా, నేను గుల్బర్గా పోతే నిన్ను ఎట్ల చూసుకోవాలె? ఒక్క ఫోటో ఇయ్యి" అని ఇస్మత్ ఏడ్చింది. అష్రఫున్నీసా పోయి బతిమాలింది. రోజులు పట్టింది. నిన్ననే, అదిగో, మొగుడు ఇక్కడ కెమెరా మారుస్తున్న ఆ పూటే, ముసలమ్మ దిగొచ్చింది.

"ఒక్కటే" అంది హాజిరాబీ వేలు చూపించి. "ఒక్కటంటే ఒక్కటే. నువ్వే తియ్యాలె. నువ్వే కడగాలె, నువ్వే ఆరబెట్టాలె. మగోని కన్ను దానిమీద పడొద్దు. మాటిస్తవా?"

అష్రఫున్నీసా చేతిలో చెయ్యి వేసి మాట ఇచ్చింది.

ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకోవడానికి చేతిలో ఎరగని కెమెరా ఉంది. తిట్టడానికీ పొద్దు లేదు. నిఖా వేళ అవుతోంది. యాషికాను మెడకు తగిలించుకుని, బురఖా వేసుకుని, పళ్ళు నూరుకుంటూ నడిచింది.

నిజం చెప్పాలంటే యాషికా చెడ్డదేమీ కాదు. దాని గాజుకు వంక పెట్టడానికి లేదు, దాని పని అది శుభ్రంగా చేస్తుంది. తేడా అంతా చేతి అలవాటులో ఉంది. రోలీకి పక్కన చిన్న పిడి ఉంటుంది. దాన్ని ముందుకు తిప్పితే రీలు జరుగుతుంది, వెనక్కి తిప్పితే షట్టరు బిగుస్తుంది. ఒక్క ఊపులో రెండు పనులూ. షట్టరు బిగిసిందంటే రీలు జరిగినట్టే, ఇక చూసుకోనక్కరలేదు. ఆమె చేతిలో ఉన్న యాషికాకు ఆ పిడి లేదు, గుండ్రటి మర ఉంది. రీలు జరపడం వేరు, షట్టరు బిగించడం వేరు. మొదటిది మరిచిపోయి రెండోది చేస్తే, ఒకే ఫిల్ము ముక్క మీద రెండు ఫోటోలు పడతాయి. పెళ్ళింట్లో ఆమె ఒళ్ళంతా కళ్ళు చేసుకుని, ప్రతిసారీ పెదవులు కదుపుతూ "రీలు, షట్టరు, రీలు, షట్టరు" అనుకుంటూ తీసింది. పెళ్ళికూతురిని తీసింది, మేనత్తలను తీసింది. ఒక్క తప్పూ పోలేదు.

అప్పుడు హాజిరాబీ నల్ల శాలువా కప్పుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. గది నిండా ఆడవాళ్ళు ఊపిరి బిగబట్టారు. గాజుపలకలో ఆ ముడతల మొహం, ఆ సూటి చూపు, గట్టిగా మూసుకున్న పెదవులు. అష్రఫున్నీసా కెమెరాను బొడ్డుకు ఆనించుకుంది. నొక్కింది.

"అయిపోయిందా?" అంది ముసలమ్మ.

"అయిపోయింది నానీమా."

"చాలు ఇగ" అని లేచి, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

సరిగ్గా ఆ గడియలోనే వాకిట్లో పరదా అవతల నుంచి చాంద్‌పాషా గొంతు వినబడింది. మగవాళ్ళ వైపు ఫోటోలకు పెళ్ళికొడుకు వాళ్ళు గుల్బర్గా నుంచే మనిషిని తెచ్చుకున్నారు. అక్కడ చాంద్‌పాషాకు చేసే పని లేదు, పలకరించే వాళ్ళు లేరు. దాంతో కొత్త కెమెరా తనదని నలుగురికీ చూపించుకునే తహతహ పుట్టింది. వరండా చివర వీధి తలుపు ముందు కుర్చీ వేయించుకుని, షేర్వాణీ సర్దుకుని కూర్చున్నాడు.

"ఏయ్ అష్రఫ్! నాది ఒకటి తియ్యి కొత్త కెమెరాతోని! సేట్లందరు చూస్తున్నరు, జల్దీ!"

"ఇప్పుడు కాదు, లోపట పనున్నది" అంది ఆమె పరదా సందులోంచి.

"నా దుకాణం కెమెరా, నా పెండ్లాం, నా ఒక్క ఫోటో దియ్యడానికి గింత నఖరానా?" అని పదిమందికీ వినబడేట్టు నవ్వాడు. అవతలి వాళ్ళూ నవ్వారు.

నా దుకాణం కెమెరా! అష్రఫున్నీసా చెవుల్లో హోరు పుట్టింది. తీస్తే గానీ వదిలేట్టు లేడు. పరదా పక్కకు జరిపి తల వంచింది. చెయ్యి పక్కన పిడి కోసం వెతికింది. పిడి లేదు. వేలు షట్టరు మీదకు పోయి బిగించింది, నొక్కింది. ఆ తర్వాత మర తిప్పింది. కోపంలో ఉన్న మనిషి చెయ్యి పాత అలవాటుకే పోతుంది. అప్పుడామెకు ఏమీ తెలియలేదు.

తెలిసింది మర్నాడు, చీకటి గదిలో ఫిల్ము కడిగి వెలుతురుకు పట్టినప్పుడు.  నమ్మలేక కాగితం మీద కూడా ముద్రించి చూసింది. హాజిరాబీ కుర్చీలో కూర్చుని ఉంది. మొహం మీద తలుపు చెక్కల గీతలు జైలు ఊచల్లా పడి ఉన్నాయి. నల్ల శాలువా మీద, సరిగ్గా ఆమె ఒళ్ళో, దూరంగా కూర్చున్నందువల్ల పసివాడంత సైజులో, మీసాలతో, షేర్వాణీతో, పళ్ళికిలించుకుని చాంద్‌పాషా కూర్చుని ఉన్నాడు.

ఎనభై ఏళ్ళు పరాయి మగవాడి కంట పడని మనిషి ఒళ్ళో!

ఆ కాగితం మొగుడి ముందుకు తీసుకుపోకూడదు, మాట ఇచ్చింది కదా. బయటకు వచ్చి నోటితోనే చెప్పింది. చాంద్‌పాషా మొదట తెల్లమొహం వేశాడు. ఆ తర్వాత సర్దుకున్నాడు.

"గిండ్ల నా తప్పేమున్నది? రీలు తిప్పుడు మరిచింది నువ్వు."

"మరిచిన. నా చెయ్యే మరిచింది. ఎవలు మార్చిండ్రు నా చేతిల కెమెరా? ఎవలు ఒర్రిండ్రు బయట కూసోని?"

"సరే సరే, పరేషాన్ గాకు. ఫిల్ము ఎండ తగిలి ఖరాబైందని చెప్పు. ముసలామెకు ఏం తెలుస్తది? జుమ్మా రోజు ఇస్మత్ వస్తది గద, ఆమెకు గదే చెప్పు. ఖతం."

అష్రఫున్నీసా మొగుడి వంక గుడ్లురిమి చూసింది. పెళ్ళయిన తర్వాత వచ్చే మొదటి జుమ్మాకు, అంటే శుక్రవారానికి, కూతురినీ అల్లుడినీ పుట్టింటికి పిలిచి విందు చేస్తారు. ఆ జుమాగీకి ఇస్మత్ వస్తుంది. నానీమా ఫోటో ఏదని మొదట అడిగేది తననే. ఆ పిల్ల మొహం చూసి అబద్ధం చెప్పాలట! కెమెరాను మాయం చేసినవాడు ఇప్పుడు నిజాన్ని కూడా మాయం చేయమంటున్నాడు. ఆమెకు ఏడుపు రాలేదు. వచ్చి ఉంటే కొంచెం చల్లబడేదేమో.

బుధవారం పొద్దున యాషికానూ ఫ్లాషునూ సంచిలో పెట్టుకుని వికారాబాదు వెళ్ళే ప్యాసింజర్ ఎక్కింది. ధారూరు దాటే దాకా మాటలు కూడగట్టుకుంటూనే ఉంది. ఎంతైనా పరాయి మనిషి. తండ్రి జ్ఞాపకమని బతిమాలాలి, పెద్దమనసు చేసుకోమనాలి అనుకుంది. వికారాబాదు స్టేషన్లో దిగేసరికి గొంతు కూడా మెత్తబరుచుకుంది.

నాగేశ్వర్ స్టూడియో గడప ఎక్కగానే ఆ మెత్తదనం ఆవిరైపోయింది. రోలీ ఆయన మెడలో వేలాడుతోంది. తోలు పట్టీ తెగినచోట తండ్రి తన చేత్తో వేసిన కుట్లు ఇక్కడికే కనబడుతున్నాయి. మోమిన్‌పేట నుంచి పిల్లాజెల్లాతో ఫోటో దిగడానికొచ్చిన ఎంకమ్మ అనే ఆవిడ బల్ల మీద కూర్చుని ఉంది. ఆవిడ భర్త పిల్లల ముక్కులు తుడుస్తున్నాడు.

"ఏం గావాలె బీబమ్మా? పాసుపోర్టు ఫోటోనా?" అన్నాడు నాగేశ్వర్. ఆయనకు ఈమె మొహం తెలియదు, గొంతు తెలియదు. తాండూరులో పరదా వెనక ఒక మనిషి ఉందన్న ధ్యాసే ఆయనకు లేదు మరి.

అష్రఫున్నీసా మాట మార్చుకుంది. "కాదు సేటూ. మా ఆయన కెమెరా కొనాలంటున్నడు. యాషికా మంచిదంటున్నరు కొందరు. మీ మెడల గా కెమెరా ఏంది? రెండిట్ల ఏది మంచిది?"

ఇక చూడాలి నాగేశ్వర్ హుషారు! కెమెరాను మెడలోంచి తీసి బల్ల మీద పెట్టి, చంటిపిల్లను నిమిరినట్టు నిమిరాడు. "బీబమ్మా, గిది రోలీఫ్లెక్సు. జర్మనోళ్ళ పనితనం. యాషికా కొత్తోళ్ళకు సరిపోతది, నేర్చుకునేటందుకు మంచిదే. గానీ దీని ముంగట అది ఏం నిలవడతది? గీ పిడి చూడు. ముందుకు తిప్పితే రీలు పోతది, ఎనక్కి తిప్పితే షట్టరు బిగుస్తది. మరుపుకు తావే లేదు. ఒక ఫోటో మీద ఇంకో ఫోటో పడమన్నా పడదు."

"పాతది గద సేటూ? అద్దం మీద గీతలు పడ్డయేమో?"

"ఏడున్నయి గీతలు? ఎవలన్నరు? అద్దం ముత్యమోలె ఉన్నది. పాతదైతేంది, మన తర్వాత మన పిల్లలు గూడ వాడొచ్చు. గిసొంటిది చేతిల ఉన్నోడు ఇయ్యడు బీబమ్మా. ఇస్తే వాడు పిచ్చోడన్నట్టు."

"మరి సామాను దొరకదంటరు?"

"ఖరాబైతె గద సామాను!"

అష్రఫున్నీసా సంచిలోంచి యాషికాను తీసి రోలీ పక్కన పెట్టింది. ఫ్లాషు తీసి దాని పక్కన పెట్టింది. మొహం మీది ముసుగు వెనక్కి వేసింది.

"నేను తాండూరు చాంద్‌పాషా పెండ్లాన్ని. అజమత్ సాబ్ బిడ్డను. గా పిచ్చోడు నా మొగుడే. ఇప్పుడు చెప్పిన మాటలన్ని పోయిన వారం మా దుకాణం ముంగట ఎందుకు చెప్పలేదు సేటూ?"

 నాగేశ్వర్ బల్ల వంక చూశాడు, గోడ వంక చూశాడు. ఎంకమ్మ వంక మాత్రం చూడలేకపోయాడు.

"వ్యాపారమన్నంక... మాటలు అటిటు ఉంటయి" అని నీళ్ళు నమిలాడు. "నేనేం దొంగతనం జెయ్యలేదు. మీ ఆయన తన చేతులతోనే ఇచ్చిండు. ఆయనను రమ్మను, మాట్లాడ్త. ఆడోళ్ళతోని నాకు పంచాయితీ వద్దు."

"ఆడోళ్ళతోని వద్దా? నా కెమెరా నాకు తెల్వకుండ మార్చుకునేటప్పుడు ఆడోళ్ళు యాదికి రాలేదా?" అష్రఫున్నీసా గొంతు పక్క హోటలు దాకా వినబడింది. చాయ్ గ్లాసులు పట్టుకున్న మనుషులు గడప దగ్గరకొచ్చి నిలబడ్డారు. "మా అబ్బా గిది నా చేతిల పెట్టినప్పుడు నలుగురున్నరు. వాళ్ళల్ల ముగ్గురు గీ వికారాబాదులనే ఉన్నరు, పిలువమంటవా? నాది కాని వస్తువు నాకొద్దు. నీ యాషికా గిదో, నీ ఫ్లాషు గిదో. ఒక గీత పడలేదు, చూసుకో. విశ్వేశ్వర్ సేటు ఫోటోను మసక జేసి తెచ్చినవే, గా పనితనం ఇంకెవలకన్న చూపియ్యి!"

"నువ్వే చెప్తివి గద సేటూ, గిది మంచిదని" అంది ఎంకమ్మ తాపీగా. "మంచిదని చెప్పి మందిది ఎట్ల ఉంచుకుంటవ్? ఇచ్చెయ్. మా ఫోటో గా కొత్తదానితోనే తియ్యి, మాకు చాలు."

గడప దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. నాగేశ్వర్ రోలీని ఇవ్వలేదు, అలాగని పట్టుకోనూ లేదు. చేతులు రెండూ బల్ల కిందకు దించుకున్నాడు. అష్రఫున్నీసా కెమెరా తీసుకుని మెడలో వేసుకుంది, పైన బురఖా కప్పుకుంది. మెట్లు దిగి స్టేషను దాకా వెనక్కి చూడకుండా నడిచింది.

కెమెరా చేతికొచ్చింది. కోపం మాత్రం తీరలేదు. అసలు నష్టం ఇంకా అలాగే ఉంది. ఒక్కటే అన్న మనిషి ఇచ్చిన ఆ ఒక్కటీ పాడైంది.

గురువారం పొద్దున పాడైన ఫోటోను కొంగులో దాచుకుని హాజిరాబీ ఇంటికి వెళ్ళింది. ముసలమ్మ దాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, కిటికీ వైపు తిప్పి చూసింది.

"గీ మీసాల పోరడెవడే నా ఒళ్ళె?"

"మా ఆయన, నానీమా."

అష్రఫున్నీసా ఒక్కటీ దాచలేదు. కెమెరా మార్చింది చెప్పింది, వాకిట్లో అరుపు చెప్పింది, తన చెయ్యి మరిచిపోయింది చెప్పింది. అబద్ధం చెప్పమన్న సంగతి కూడా చెప్పింది. హాజిరాబీ వింటూ వింటూ ఉండగానే గడ్డం అదరడం మొదలైంది. ఏడుస్తుందేమో అనుకుంది అష్రఫున్నీసా. అది ఏడుపు కాదు.

"బేషరమ్! ఎనభై ఏండ్లు దాచిన్నే నా మొహాన్ని, ఎనభై ఏండ్లు! నా కొడుకుల దోస్తులు గూడ చూడలేదు. పోరి కోసం ఒక్కటి ఇస్తే గీ మీసాలోడు వచ్చి దానిల కూసుంటడా! ఎండకు ఖరాబైందని చెప్పమన్నడా? ముసల్దానికి ఏం తెలుస్తదన్నడా? తెలుస్తది, మంచిగనే తెలుస్తది!" కర్రతో నేలను పొడిచింది. ఫోటోనూ ఫిల్ము ముక్కనూ తీసుకుని తన చేత్తోనే పొయ్యిలో వేసింది. అవి ముడుచుకుని కాలేదాకా చూసింది.

"నేను మాటిచ్చింది ఒక్కటే. గా ఒక్కటి వాడు తిన్నడు. తిన్నోడే కక్కాలె. పో, పిలుచుకరా వాణ్ణి. ఒక తెల్ల దుప్పటి గూడ తే."

చాంద్‌పాషా కుక్కిన పేనులా వచ్చాడు. అంతకుముందు రోజు పెళ్ళాం వికారాబాదులో ఏం చేసిందో రైలు దిగిన జనం ద్వారా అప్పటికే ఊళ్ళో తెలిసిపోయింది. మీసాలు కూడా దువ్వుకోలేదు. వాకిట్లో పరదా అవతల నిలబడి, "సలామలైకుం నానీమా" అన్నాడు. 

"పోయినసారి నా ముంగట ఒళ్ళె కూసున్నడు గద" అంది హాజిరాబీ అష్రఫున్నీసాతో, అవతలికి వినబడేలా. "ఇప్పుడు నా ఎనక నిలవడమను. దుప్పటి అవతల, గోడ దిక్కు మొహం పెట్టి. తల ఎత్తితే గీ కర్ర ఉన్నది."

పెరట్లో దుప్పటి ఒక కొసను గుంజకు కట్టారు. రెండో కొస చాంద్‌పాషా పట్టుకోవాలి, గోడ వైపు తిరిగి, చెయ్యి తల మీదుగా వెనక్కి ఎత్తి. దుప్పటి ఇవతల కుర్చీలో హాజిరాబీ నల్ల శాలువా కప్పుకుని కూర్చుంది. అష్రఫున్నీసా తల వంచి రోలీ గాజుపలకలోకి చూసింది.

అదే మొహం. అదే చూపు. ఈసారి ఆ పెదవుల చివర కోపం కూడా ఉంది, పోయినసారికన్నా అందంగా ఉంది. గాజులో కుడి ఎడమలు తారుమారు కదా, అందులో ఎడమ పక్కన, తెల్ల దుప్పటి అంచు మీదుగా మడతపడి ఇవతలికి వచ్చిన నాలుగు వేళ్ళు కనబడ్డాయి. ఒక వేలికి వెండి ఉంగరం. లాగి పట్టుకోమంటే, వేళ్ళు అవతలికి జరపమంటే సరిపోయేది. నోటి దాకా వచ్చిన మాటను అష్రఫున్నీసా మింగేసింది.

వెలుతురు బాగానే ఉంది. అయినా ఆమె కాస్త ముందుకు జరిగింది. మళ్ళీ వెనక్కి జరిగింది. గాజును కొంగుతో తుడిచింది.

"అయిందా? చెయ్యి గుంజుతున్నది" అన్నాడు దుప్పటి అవతల నుంచి చాంద్‌పాషా.

"కాలే" అంది అష్రఫున్నీసా.

కొంచెం సేపటికి వేళ్ళు వణకడం మొదలుపెట్టాయి. "ఇంక కాలేదా అష్రఫ్?"

"కాలేదని చెప్తున్న గద. కదలకు."

అవి అలసిపోయి, పట్టు జారకుండా దుప్పటి అంచును గట్టిగా బిగించి పట్టుకున్నప్పుడు, అప్పుడు నొక్కింది. వెంటనే పిడిని ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది. ఆ కిర్రుమన్న చప్పుడు వినగానే ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి ఆమెకు ఊపిరాడింది.

జుమాగీ నాడు ఇస్మత్ ఫోటో అందుకుని నానీమాను పట్టుకుని ఏడ్చి, నవ్వి, మళ్ళీ ఏడ్చి గుల్బర్గా తీసుకుపోయింది. స్టూడియోలో మొగుడు ఆ ఫోటోను అడగలేదు, ముద్ర కొడతాననీ అనలేదు. ఆ తర్వాత ఆయన అష్రఫున్నీసా అల్మరా జోలికీ పోలేదు. ఆమె కూడా ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. మరిచిపోయిందని అనుకుంటే మాత్రం పొరపాటు.

హాజిరాబీ రెండేళ్ళకు కన్నుమూసింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళకు, 1981లోనో, 82లోనో, అష్రఫున్నీసా ఒక పెళ్ళి పని మీద గుల్బర్గా పోయి ఇస్మత్ ఇంట్లో దిగింది. లోపలి గదిలో, ఆడవాళ్ళు మాత్రమే మసిలే చోట, ఆ ఫోటో గోడకు ఉంది. ఇస్మత్ కూతురు వేలితో అంచును చూపిస్తూ వచ్చింది.

"ఖాలా, ముత్తవ్వ ఫోటో ఇంత మంచిగ తీసినవ్ గద. గీ అంచు మీద ఎవలియో వేళ్ళు పడ్డయి. కత్తెరతోని కోసేస్తే పోయేది. ఎందుకు ఉంచినవ్? ఎవలియి గవి?"

అష్రఫున్నీసా ఫోటో దగ్గరకు పోయి, కళ్ళజోడు సవరించుకుని, వెండి ఉంగరం ఉన్న వేలిని నిదానంగా చూసింది.

"అన్ని ఫోటోల ఎనక ముద్ర ఉంటది బిడ్డా. దీనికి ఎనక ముద్ర లేదు, ముందట్నే ఉన్నది" అంది. "గవి స్టూడియో ఓనర్‌వి."